మూలగా పోతే ఎన్ని గళ్ళు

మా ఆయనకూ మా తమ్ముడికీ ఏడాది పైగా మాటల్లేకుండా పోయాయి. కారణం ఒక బోరుబావి.

మా తమ్ముడికి వేమగల్‌లో ఫ్యాక్టరీ పని దొరికాక అక్కడే సైటు తీసుకుని ఇల్లు మొదలుపెట్టాడు. బోరు ఎక్కడ వేయాలో చూపించమని మా ఆయనను తనే పిలిచాడు. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. బడిలో ప్రతిదానికీ రుజువు అడిగే ఈ మనిషి, సెలవు వస్తే మాత్రం అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలాల్లో తిరుగుతాడు. టెంకాయ లేచి నిలబడిన చోట అడుగున నీళ్ళుంటాయట. ఆ రోజు లేచి నిలబడింది. బండి వచ్చి ఎంత లోతుకు తొలిచినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా జిల్లాలో అదేమీ వింత కాదు, నీళ్ళు పడితేనే వింత. అంతటితో పోయేది. మా తమ్ముడు ఊరుకోకుండా బోరు బండి వాళ్ళ ముందే, "టెంకాయ లేచినాది గాని నీళ్ళు లేవలేదు బావా. పోనీ ఆ టెంకాయన్నా కొట్టియ్యి, అందులో ఉంటాయి నీళ్ళు" అన్నాడు. వీధంతా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, మా ఆయన ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాడు.

అప్పటినుంచి నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. తమ్ముడు ప్రతి ఆదివారం మా అమ్మాయిని చూడటానికి బండేసుకుని రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటికి వస్తాడు. మా ఆయన బయటికి పోడు. నా ఇంట్లో నేను కూర్చోకూడదా అంటాడు. ఇద్దరూ హాల్లో ఎదురెదురుగా కూర్చుని నాతోనే మాట్లాడతారు. "నీ తమ్మునికి కాఫీలో చక్కెర చాలునేమో అడుగు." "చాలునని చెప్పు అక్కా." అంత దగ్గరగా కూర్చున్న మనుషులకు మధ్యలో నేనెందుకో ఆ దేవుడికే తెలియాలి.

ఇది ఇలా ఉండగా అమ్మాయికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం మా వైపు పద్ధతి. మూడేళ్ళు నిండినా పిల్ల బోడి చెవులతోనే తిరుగుతోంది. ఎవరు చూసినా అదే అడుగుతున్నారు. మా ఆయనతో అంటే, "నీ తమ్ముడే నన్ను ఎప్పుడని అడగనీ" అంటాడు. తమ్ముడితో అంటే, "బావ తన నోటితో నాకు చెప్పల్ల. అప్పుడొస్తా" అంటాడు. ఇద్దరి నోళ్ళూ బాగానే పనిచేస్తాయి, అన్నం తినేటప్పుడు చూడాలి.

ఆ విసుగులోనే నాకు ఆట సంగతి తట్టింది. పెళ్ళికి ముందు బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ఆఫీసువాళ్ళతో రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడేదాన్ని. పేరు పెద్దదే గాని సంగతి చిన్నది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. దొంగ ఎదురయ్యాడు, ఏం చేస్తావని కథ చెప్పేవాళ్ళు అడుగుతారు. నువ్వు చేస్తానన్నది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆటకు కావలసిందల్లా నోరు. నాకు కావలసిందీ అదే.

ఇంకొకరుంటే బాగుంటుందని పక్కింటి టీచరమ్మను పిలిచాను. ఆమె రిటైరైంది. ఆదివారం చర్చినుంచి వచ్చాక ఆమెకు పొద్దు పోదు. కథ మా ఊరి పాత బంగారు గనిలో, భూతాలతో పెడదామన్నాను. "గనిలో భూతాలొద్దమ్మా. మా నాయన దినామూ అందులోకి దిగి వచ్చిన మనిషి. ఆయనకు కనపడని భూతం నీకెట్లా కనపడినాది?" అంది. సరేనని మామిడి తోటలో పెట్టాను. కాపు మీదున్న తోట, కాయ కోసుకుపోయే దొంగల ముఠా. మా ఆయన ముసలి వీరుడు. తమ్ముడు నాటు వైద్యుడు. టీచరమ్మ నిజం చెప్పడమే తెలియని గూఢచారి, ఆ వేషం తనే కోరుకుంది.

"నేనేమన్నా నాటకాల కంపెనీనా" అని మా ఆయన మొదట్లో సణిగాడు. కొన్ని వారాలకు ముసలి వీరుడు గొంతు బొంగురు చేసుకుని, "వైద్యుడా, నా భుజం రవంత చూడు" అన్నాడు. వైద్యుడు, "ముందు కదలకుండా కూర్చో తాతా" అన్నాడు. నేను కాఫీ నెపంతో వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాను. ఆట ముగిసిన అయిదు నిమిషాలకు మళ్ళీ, "నీ తమ్మునికి నీళ్ళు కావాలేమో అడుగు." అయినా పరవాలేదనుకున్నాను. వైద్యుడి దాకా వచ్చినవాడు బావమరిది దాకా రాకపోతాడా!

సరిగ్గా అప్పుడే టీచరమ్మ ఫ్లెక్సు తెచ్చింది. ఏదో పాత బ్యానరు వెనకవైపు తెల్లగా ఉంటే, స్కేలు పెట్టి గళ్ళు గీసింది. మనకు చొక్కా గుండీలు, దొంగలకు చింతగింజలు. ఒక్కో గడీ తోటలో అయిదడుగుల కింద లెక్క. "గుద్దులాటప్పుడు ఎవురు యాడ ఉండారో తెలీకుండా ఉండాదమ్మా. ఇంగ తెలుస్తాది" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆ ఆటలో పోరాటం వస్తే గళ్ళ మీద ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకే నచ్చదు.

గళ్ళు లేనప్పుడు దొంగ వస్తే మా ఆయన, "చెట్టు ఎనకాల నించి దుముకుతా. కాలవలో బురద ఉండాది గదా, వాన్ని అందులోకి తోస్తా" అనేవాడు. గళ్ళు వచ్చాక, "నాలుగు గళ్ళు. కొట్టినా." పాచిక. "తగిలినాది. ఇంగ నీ వంతు." అంతే సంగతి. తాతా లేడు, వైద్యుడూ లేడు. చౌకాబారలో గవ్వలేసి కాయ జరిపినట్టు గుండీ జరపడం, "ఆ కాయ చస్తాది చూడు" అనుకోవడం. మాట్లాడే పని తప్పినందుకు మా ఆయన మొహం వెలిగిపోయింది. మాటల్లేని మనుషులకు బోర్డు ఆటంత సుఖమైన చోటు ఇంకొకటి లేదు. మా మామగారు రాయల్పాడులో, తన మీద కోర్టుకెక్కిన దాయాదితో ఏళ్ళ తరబడి అరుగు మీద పులిజూదం ఆడారు. ఒక్కరోజు కూడా ఒకరినొకరు పలకరించుకున్నది లేదు. ఆయన కొడుకే కదా ఈయన!

ఒక ఆదివారమైతే మూలగా పోతే ఎన్ని గళ్ళన్న దాని మీదే గడిచింది. ముందుకు పోతే ఒక గడి, పక్కకు పోతే ఒక గడి. మరి ఐమూలగా పోతే? ఆట రూల్సు పుస్తకంలో ఒకటే అని ఉంది. "అదెట్లయితాది? కర్ణం పొడుగు గదా. ఎనిమిదో క్లాసు పిల్లోల్లకు కూడా తెలుసు" అని మా ఆయన కాగితం తెచ్చి త్రిభుజం గీశాడు. "సార్, రూలు రూలే" అని టీచరమ్మ భీష్మించుకుంది. తమ్ముడు నావైపు తిరిగి, "ఒకటో ఒకటిన్నరో ఏదో ఒకటి ఒప్పుకోమను అక్కా, చీకటి పడేలోపల నేను ఊరికి పోవల్ల" అన్నాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. దొంగలు తోటంతా ఊడ్చుకుపోయినా వీళ్ళకు పట్టదు.

"ఇది ఉత్త బోర్డు గేమ్ అయిపోయింది. ఇంక నేను కథ చెప్పను" అన్నాను.

"బోర్డు గేమయితే ఏమి? నిమ్మళంగా ఉండాది" అన్నాడు మా ఆయన.

టీచరమ్మ ఒప్పుకోలేదు. "క్యారమ్స్‌లో ఎదుటోని కండ్లల్లో కారంపొడి చల్లేకి అయితాదా? ఈడ చల్లొచ్చు. చల్లుతానంటే నువ్వు పాచిక వేయమంటావే గాని కాదనవు. అట్లాంటప్పుడు ఇది బోర్డు గేమెట్లయితాదమ్మా?"

ఆమె మాట నిజమే. చల్లొచ్చు. గళ్ళు కళ్ళ ముందుంటే ఎవరూ చల్లరు, అదే నా ఏడుపు. చేయడానికి లోకంలో ఉన్నవన్నీ ఉన్నా, వీళ్ళకు గీతల మధ్య ఉన్నదే కనపడుతుంది.

పోయిన నెల ఒక ఆదివారం దొంగలందరినీ ముసలి వీరుడి చుట్టూ చేర్చాను. విసుగుతోనే చేర్చాను. వీరుడిని చంపేసి, ఆట ముగించి, ఫ్లెక్సు అటక మీద పడేద్దామనుకున్నాను. నాలుగు వైపులా చింతగింజలు, మధ్యలో మా ఆయన గుండీ. వైద్యుడి గుండీ దూరంగా, పంపుహౌసు వెనక, ఏ దొంగకూ అందని గడిలో ఉంది. వైద్యుడు ఒంటి బలం లేనివాడు. వాడు అక్కడే ఉండి, వీరుడు పడిపోయాక దొంగలు పక్కకు తప్పుకుంటే పోయి మందు వేసి లేపొచ్చు. ఆట తెలిసినవాళ్ళెవరైనా అదే చేస్తారు.

తమ్ముడి వంతు వచ్చింది. వాడు ఏమీ అనకుండా గుండీని దొంగల మధ్యనుంచి నడిపించుకుని వచ్చి వీరుడి పక్కనే పెట్టాడు. దాటిన ప్రతి దొంగా ఒక దెబ్బ వేయొచ్చు. పాచికలు వేశాను. వైద్యుడికి ప్రాణం కొసకొచ్చింది.

"ఏయ్!" అన్నాడు మా ఆయన. "ఆ గడిలోకి ఎందుకొచ్చినావు?"

నాతో కాదు. వైద్యుడితోనూ కాదు. మా తమ్ముడి మొహం చూసి అడిగాడు. నేను కదల్లేదు.

"పంపుహౌసు ఎనకాల ఉండింటే నిన్నెవుడన్నా ముట్టుకుంటాడా? ఈడికొచ్చి సచ్చేకి నీకేమి పని? ఇంగ మందు ఎవురు వేస్తారు?"

"నిన్ను నలుగురు కొడతా ఉంటే ఆడ దాంకోని చూస్తా ఉండల్లనా బావా?"

"ఉండల్ల! లెక్క ప్రకారం ఆడల్ల!"

"నీ లెక్క నాకు చెప్పొద్దు. నీ లెక్క నమ్మే బోరు ఏయించినా."

 అయిపోయింది, ఇక ఆదివారాలు కూడా ఉండవు అనుకున్నాను. టీచరమ్మ నెమ్మదిగా శిలువ గుర్తు వేసుకుంది.

"ఆ టెంకాయ కథ ఇంగా ఇడిసిపెట్టలేదా నువ్వు?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఇడిసిపెట్టినావా?"

 మా ఆయన వంగి వైద్యుడి గుండీని ఎత్తి పంపుహౌసు వెనక పెట్టాడు. ఒక క్షణం చూసి, మళ్ళీ తీసి వీరుడి పక్కనే పెట్టాడు. తర్వాత ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "ఇంత తెలివి లేనోని ఒళ్ళోనా నా బిడ్డను కూర్చోబెట్టి చెవులు కుట్టించేది!"

"ఎప్పుడు బావా?" అన్నాడు తమ్ముడు.

"వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం. పొద్దున తొమ్మిదిలోపల. లీవు ఇప్పుడే చెప్పుకో, మళ్ళీ షిఫ్టు గిఫ్టు అనొద్దు."

పై శుక్రవారమట, తొమ్మిదిలోపలట. ముహూర్తం ఎప్పుడు పెట్టించాడు ఈ మనిషి? పిల్లను కన్న నాకు ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళిద్దరినీ అరుచుకోనిచ్చి వంటింట్లోకి పోయి రాయల్పాడుకు, మా అత్తగారికి ఫోన్ చేశాను.

"ఇది మూడో ముహూర్తం గదమ్మా" అంది ఆమె. "ముందు రెండు పెట్టించి ఊరికే పోనిచ్చినాడు. మామ లేకుండా ఎట్లా కుట్టించేది, వాడు ఒక్కసారి అడిగితే సాలు గదా అంటా ఉండె. నీకు తెల్దా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఉగాది అయ్యాక ఒకసారి, శ్రావణంలో ఒకసారి, శుక్రవారం పూట బడికి సెలవు పెట్టి, తలకు పోసుకుని, మంచి పంచె కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏమయిందంటే ఒంట్లో బాగలేదన్నాడు. రెండుసార్లూ నేను మిరియాల కషాయం కాచి ఇచ్చాను. మారు మాట్లాడకుండా తాగాడు.