రిలేలు బిగించిన చోటు

ఆ వీధిలో కార్ల వైరింగ్ చేసేవాళ్ళు నలుగురున్నా, మొండికేసిన బండి చివరికి చేరేది చెవుల మేస్త్రి షెడ్డుకే. దీపాలకూ హారన్‌కూ ఫ్యానుకూ కరెంటు అందించే చిన్న చిన్న డబ్బాలు రిలేలు. స్విచ్చి నొక్కగానే లోపల టక్‌మంటాయి. ఆ చప్పుడు విని ఏది బతికుందో ఏది చచ్చిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు కాబట్టే ఆయనకా పేరు. ముప్పై ఏళ్ళలో, వైర్లో కరెంటు ఉందో లేదో చూసే టెస్టు బల్బును సొరుగులోంచి తీసిన పాపాన పోలేదు.

రిటైరైన బస్సు డ్రైవరొకాయన తన ముచ్చట కొద్దీ రెండు సీట్ల బండి ఒకటి కట్టించుకుంటూ, వైరింగు పని మేస్త్రికి అప్పజెప్పాడు.

"రిలేలు ఎక్కడ పెడతారు?" అని అడిగాడు.

"ఇంజను పక్కన పెడితే వేడి. సీటు కింద పెడితే కడిగినప్పుడల్లా నీళ్ళు. డ్యాష్‌బోర్డు వెనక పెడదామండీ, ఎవరి కంటా పడవు."

"పాడైతే? అక్కడ చెయ్యి దూరదే!"

"చెయ్యెందుకండీ? బయట నిలబడి వింటే చాలు."

ఎనిమిది రిలేలూ బిగించాడు. దీపాలు, హారను ఇంకా రాలేదు. బ్యాటరీ తగిలించి, ఒక్కో స్విచ్చీ నొక్కాడు. ఒక్కటీ పలకలేదు.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. విడిభాగాల షాపతనికి ఫోను చేశాడు. "ఎనిమిదికి ఎనిమిదీ చచ్చినవే అంటగడతావా? ఇన్నేళ్ళ స్నేహానికి ఇదేనా?" అని దులిపేశాడు. అతను మారుమాట్లాడకుండా ఇంకో ఎనిమిది పంపాడు. అవీ అంతే.

డ్యాష్‌బోర్డు కింద తలదూర్చి, చెమటలు కక్కుతూ, కసికొద్దీ స్విచ్చులన్నీ వరసగా నొక్కుతున్నాడు. పక్క గదిలో బట్టలు కుట్టే భార్య అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది.

"ఏంటండీ ఆ టకటక? పొద్దుట్నుంచీ ఒకటే గోల. తినే వేళకైనా ఆపండి."

మేస్త్రి చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

"ఏం టకటకే?"

"మీరు చేస్తున్నదే!"

ఆమె ముఖం వంకే చూస్తూ మళ్ళీ నొక్కాడు.

"అదిగో," అందామె.

ఇంకోటి నొక్కాడు.

"అదిగో, మళ్ళీ. ఏంటలా చూస్తారు?"

ఆమె మాట ప్రతి అక్షరం వినపడుతోంది. టక్కు మాత్రం లేదు. సొరుగంతా బోర్లించి టెస్టు బల్బు తీశాడు. ఒక్కో స్విచ్చీ నొక్కి, దీపాలకూ హారన్‌కూ వెళ్ళే వైర్ల చివర్లకు తాకించాడు, ఎనిమిది సార్లూ బల్బు వెలిగింది. క్యారియరు విప్పకుండానే ఆసుపత్రికి బయల్దేరాడు.

చెవుల డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది. "సన్నటి శబ్దాలు పోయాయండీ. మాటలు వినపడుతున్నాయి కాబట్టి మీకు తెలియలేదు. ఇన్నేళ్ళు రేకులు కోసే గ్రైండర్ల పక్కన పనిచేశారు కదా. పోయింది తిరిగి రాదు."

అక్కణ్ణుంచి తిన్నగా షాపుకు వెళ్ళి, జరిగింది చెప్పి, తల దించుకుని నిలబడ్డాడు. షాపతను లెక్కల పుస్తకం తీశాడు. "నాలుగు నెలల్నుంచీ నువ్వు తిప్పి పంపినవన్నీ మంచివేరా. చాదస్తం ముదిరిందనుకున్నా. మొహమాటపడి చెప్పలేదు."

నాలుగు నెలలు! ఎన్ని బళ్ళలో మంచివి పీకేశాడో!

డ్రైవరుగారి దగ్గర దాచలేదు. విని ఆయనా బిత్తరపోయాడు. "మీ చెవుల్ని నమ్మి కదయ్యా బండి ఇచ్చింది! ఇప్పుడెలా?"

"రెండ్రోజులు టైమివ్వండి. కుదరకపోతే ఇంకెవరికైనా అప్పజెప్పండి."

రిలేలన్నీ డ్యాష్‌బోర్డు వెనక నుంచి పీకేశాడు. ఒకటి అరచేతిలో పెట్టుకుని కరెంటు ఇచ్చాడు. వేలి కింద చీమ కుట్టినంత అదురు. దాంతో డ్రైవరు సీట్లో కూర్చుని, ఒక చెయ్యి స్విచ్చి మీద ఉంచి, రెండో చెయ్యి ఎంతవరకు అందుతుందో సుద్దతో గీసుకున్నాడు. మోకాలి ఎత్తున, బండి లోపలి పక్క రేకుకు, వేడీ తడీ తగలని చోట వరసగా బిగించాడు. నీటి చుక్క పడినా వైరు వెంట జారిపోయేలా వైర్లు కిందికి దింపాడు. పైన చిన్న మూత పెట్టాడు.

డ్రైవరుగారు మేస్త్రిని బయటికి పంపి, చాటుగా ఒక వైరు లాగేసి పిలిచాడు. మేస్త్రి ఒక్కో స్విచ్చీ నొక్కుతూ ఎనిమిదింటి మీదా వేలు ఆనించి చూసి, "ఆరోది" అన్నాడు.

"సరిగ్గా అదే. అయినా బల్బు పెట్టి కూడా చూడండి," అన్నాడాయన మొహమాటం లేకుండా.

మేస్త్రి బల్బు పెట్టి చూశాడు.

నెల తిరక్కముందే బండి రోడ్డెక్కింది. డ్రైవరుగారు చెయ్యూపుతూ మలుపు తిరిగాక, మేస్త్రి భార్య పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నీకేం వినపడుతున్నాయే?"

ఆమె ఒక్క క్షణం చెవి ఒగ్గింది. "తీగ మీద పిట్ట. మన కొళాయి కారుతోంది. ఎదురింట్లో ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నారు. మీరు కదిలినప్పుడల్లా మీ జేబులో తాళాలు."

మేస్త్రి ఉలిక్కిపడి జేబు మీద చెయ్యేసుకున్నాడు.