కరెంటు పోని తొమ్మిదో అంతస్తు

ప్రిస్కిల్లా ఉద్యోగం హైటెక్ సిటీలో, తొమ్మిదో అంతస్తులో. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు దిగాక తన సొంత లాప్‌టాప్ తెరుస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు, దాన్ని ఎలా వాడాలో చెప్పే తెలుగు పేజీలను జీతం లేకుండా రాస్తుంది, దిద్దుతుంది.

"చర్చిలో సేవ చాలక ఇదొకటా?" అని పక్క సీటు నవ్య ఏడిపిస్తుంది.

ఆ శుక్రవారం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్‌లో సందేశం వచ్చింది. బోరబండ నుంచి వెంకటనారాయణ. దస్తావేజులు రాసి రిటైరైన మనిషి. కంప్యూటర్ నేర్చుకున్నది ఈ పేజీలు చదివే. భార్య రుక్కమ్మకు మతిమరుపు జబ్బు. ఆమె లోపలి చీకట్లోంచి ఎప్పుడైనా ఒక నాట్ల పాట పైకి తేలితే, మళ్లీ మునిగేలోపు టైపు చేసుకుంటాడు.

"బిడ్డా, పొద్దున మూడు పాటలు చెప్పింది. టైపు చేస్తుంటే కరెంటు పోయింది. ఇప్పుడే వచ్చింది. నీ కొత్త పేజీ చూసి చేస్తున్న."

ప్రిస్కిల్లా చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది.

రాసిన ప్రతి మెట్టునూ ఖాళీ ఫైలు మీద చేసి చూశాకే పేజీ బయటికి వదలాలని, ఈ పేజీలు రాసేవాళ్లందరిలో ఒక పద్ధతి. సోమవారం ఆమె చేసి చూడలేదు. కరెంటు పోవడమే ఎరగని భవనంలో, బ్యాటరీ లాప్‌టాప్ ముందు కూర్చుని, కరెంటు పోతే ఏం చేయాలో జ్ఞాపకం మీద రాసేసింది. కరెంటు తిరిగొచ్చాక తెర మీదికొచ్చే చిన్న పెట్టెలో రెండు బటన్లుంటాయి. ఒకటి పోయినదాన్ని తిరిగి తెస్తుంది. ఇంకొకటి శాశ్వతంగా పారేస్తుంది. ఎడమది నొక్కమని రాసింది.

దానికి మూలమైన ఇంగ్లిషు పేజీ తెరిచి చూసింది. ఎడమది పారేసేది.

పేజీని వెంటనే తీసేసి ఫోన్ చేసింది. ఎత్తలేదు. నాలుగుసార్లు చేసింది. పరుగున కిందికి దిగి ఎంఎంటీఎస్ రైలు ఎక్కింది. బోరబండ ఒక్క స్టేషనే దూరం, ఆయన ఇల్లు ఆమెకు తెలిసిందే. రైలు కిటికీలోంచి అద్దాల భవనాలు వెనక్కి పోతున్నాయి. ప్రతి అద్దంలోనూ ఒక ముసలి వేలు బటన్ మీదికి దిగుతోంది.

తలుపు తెరిచే ఉంది. ఆయన తెర ముందు కూర్చున్నాడు.

"నొక్కేశారా బాబాయి గారూ?"

"నొక్కిన. ఏడనో తప్పు చేసిన బిడ్డా. నిన్నటి పాట కాడనే ఆగింది. పొద్దుగాలవి లేవు."

"తప్పు మీది కాదండీ. నాది. చేసి చూడకుండా రాశాను."

ఆయన మంచం వైపు తిరిగాడు. "రుక్కా, పొద్దున పాడితివి గద. జర మల్ల చెప్పు."

"నేనా? ఏం పాట?" రుక్కమ్మ ప్రిస్కిల్లాను చూసి నవ్వింది. "గీ పిల్లెవరు? తిన్నదా?"

ప్రిస్కిల్లా కళ్లు తుడుచుకుంది.

"గా పేజీ ఎంతమంది జూసిండ్రు?" అన్నాడాయన.

"నలభై ముగ్గురండీ."

"అయితే ఏడుపు తర్వాత. ప్లగ్గు పీకు. నా ముంగట చేసి చూసి రాయి."

ఖాళీ ఫైలులో రెండు మాటలు టైపు చేసి ప్లగ్గు పీకింది. మళ్లీ పెట్టి ఫైలు తెరిచింది. పెట్టె వచ్చింది. కుడి బటన్ నొక్కితే రెండు మాటలూ తిరిగొచ్చాయి. ఆయన కూడా ఒకసారి చేసి చూశాడు. కొత్త పేజీ పైన ఆమె రాసింది: సోమవారం నుంచి ఈరోజు దాకా ఇది తప్పుగా ఉంది, రాసింది నేను, మీదేమైనా పోయి ఉంటే చెప్పండి. కింద పేరూ ఫోన్ నంబరూ పెట్టి పేజీని బయటికి వదిలింది.

"నంబరెందుకు? తిడతరు."

"తిట్టనివ్వండి."

ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి అది మోగింది. తెలియని నంబరు.

"ఎత్తు బిడ్డా," అన్నాడు వెంకటనారాయణ.