జడ వేసే టీచర్

బిజినేపల్లి పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ రేణుకమ్మకు పాటలకన్నా ముందు దువ్వెన. తల్లులు చాలామంది పూణేకు కూలికి పోయారు కనుక, పిల్లలను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, "కదలకే కోతీ, పాపట వంకర పోతది" అని గదమాయిస్తూ జడలు అల్లుతుంది. వాళ్లలో, చిన్నమ్మ దగ్గర ఉండే మనీషా మెడ వెనక కాలిన మచ్చ ఆమెకు అలాగే కనబడింది. "చిన్నమ్మ గంటె కాల్చి పెట్టింది" అన్నది పిల్ల.

చూసి ఊరుకుంటే నేరమనీ, చెబితే పేరు బయటికి రాదనీ శిక్షణలో చెప్పారు. రేణుకమ్మ నమ్మి పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. మర్నాడు విచారణకని జీపు దిగిన సారు, మనీషా చిన్నమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ ఆ వాకిట్లోంచే అంగన్‌వాడీ వైపు కేకేశాడు: "ఫోన్ చేసిన టీచరమ్మ మీరే కదా? జర ఇటు రాండ్రి." పొయ్యి కాడ ఆడుకుంటూ పిల్లే కాల్చుకుందని చిన్నమ్మ చెబితే, అదే రాసుకుని పోయాడు. మెడ వెనక ఎలా కాల్చుకుంటుందని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మనీషా ఇంట్లోనే జడ వేయించుకుని వచ్చి గోడవారగా కూర్చుంటుంది. రేణుకమ్మ దువ్వెన పట్టుకుని పిలిస్తే, మెడకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దు టీచర్. నువ్వు సారుకు చెప్తవ్. సారు చిన్నమ్మకు చెప్తడు."