బొరుగుల్లో కరకర

మొన్న ఆదివారం కుప్పంలో నా నిగ్రహం గంగలో కలిసింది. ఎట్ల కలిసిందో వినండి, కానీ పెద్దగా నవ్వకండి.

మాది పుంగనూరు. నేను కోడి, చేప, ఏ నీసూ ముట్టకుండా మానేసి చాలా ఏళ్లయింది. నాలుకను అదుపులో పెట్టుకోలేనివాడు దేన్నీ అదుపులో పెట్టలేడని ఇంట్లో రోజూ చెప్తుంటాను. కొత్తకోడలు భారతి పాపం తల ఊపుతుంది. ఆమె పుట్టింటికే మొన్న మొదటిసారి పోయినాం. వియ్యాలవారి ముందు మాట పడకూడదని దారి పొడుగునా అనుకుంటూనే పోయినాను.

టీతో పాటు భారతి వాళ్ల అవ్వ పళ్లెం నిండా బొరుగులు పెట్టింది. కారం, వెల్లుల్లి, మధ్యలో ఎర్రగా వేయించినవేవో. కరకరమంటున్నాయి. భలే రుచి!

"మామా, అవి వద్దు. ఈ మురుకులు తీసుకోండి," అని భారతి మెల్లగా అన్నది.

"పెద్దోళ్లు పెట్టింది వద్దనకూడదమ్మా," అని బుద్ధి చెప్పినాను.

అంతలో వియ్యంకుడు ఫోన్లో వీడియో చూపించినాడు. "సూడు బావా, ఏ దేశంలో ఏం తింటాండారో!"

థాయిలాండ్‌లో వేయించిన మిడతలు. కంబోడియాలో సాలీళ్లు. మెక్సికోలో చీమగుడ్లు.

"ఛీ! పురుగులు తినేదేంది బావా? మనిషన్నాక నిగ్రహం ఉండొద్దా?" అని మొదలుపెట్టినాను. మిడతలను తిడుతూ ఒక పిడికెడు, సాలీళ్లను తిడుతూ ఇంకో పిడికెడు. పళ్లెం అడుగు కనిపించింది.

"అవ్వా, ఇవి కొంచెం ఇంటికి కట్టియ్యి. సూపర్‌గా ఉండాయి. ఈ ఎర్రవి ఏం పప్పులు?"

వియ్యంకుడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"పప్పులు కాదప్పా, ఉసుళ్లు," అన్నది అవ్వ. "మొన్న వానకు పుట్టలోనించి లేసినాయి. నేనే పట్టి, రెక్కలు సెరిగి ఏయించినా. మా భారతికి ఇవంటే ప్రాణం. పెండ్లయినంక నీకు జడిసి మానేసింది."

నోట్లో ఉన్నది మింగాలా, ఉమ్మాలా? వియ్యాలవారింట్లో ఉమ్మడం మర్యాద కాదు. మింగినాను.

"అంటే... ఇవీ పురుగులే కదవ్వా?"

"ఎందుకట్లంటావు? ఫోన్లో ఉండేవి పురుగులు. ఇవి మన ఉసుళ్లు గదప్పా!"

సాయంత్రం బస్సులో భారతి నవ్వు ఆపుకుంటూ పొట్లం చూపించింది. "మామా, కిటికీలోనించి పారేసేదా?"

"తినేది పారేయకూడదమ్మా, తప్పు," అన్నాను. అదీ నేను రోజూ చెప్పే మాటే.

పలమనేరు వచ్చేలోపల పొట్లం ఖాళీ. పాపం, భారతికి దక్కింది ఒక్క పిడికెడే.