ఎడమ సీటు సార్

మా డ్రైవింగ్ సార్ ఇక లేరు. మొన్న మంగళవారం పొద్దున, చైతన్యపురి వెనక వీధిలో, నేర్పే కారులోనే, తన ఎడమ సీట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. స్టీరింగ్ పట్టుకున్నది ఒక బడి టీచరమ్మ. ఆమెకు అది నాలుగో రోజు.

"సారు ఏమీ అనట్లేదంటే బాగా నడుపుతున్నాననుకున్నానండీ," అని ఏడ్చింది ఆమె. "మలుపు దగ్గర కారు దానంతటదే ఆగింది. నేను బ్రేకు తొక్కలేదు."

తెలియనివాళ్ళకు చెప్తున్నా. నేర్పే కార్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. పక్కనున్నవాడు కొంప ముంచకుండా కాపాడుకోడానికి. ఆ బ్రేకు మీద సార్ కాలు ఉంది. ఆయనే తొక్కారో, కాలే బరువెక్కి పడిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆయన్ని ఎరిగినవాళ్ళం అడగను కూడా అడగం.

కబురొచ్చేసరికి నేను కొత్తపేటలో ఒక టిఫిన్ సెంటర్ షట్టర్ మీద 'ఇడ్లీ' రాస్తున్నాను. 'ఇ' అయింది. మిగతాది ఇప్పటికీ కాలేదు. వాళ్ళు కూడా పాపం అడగలేదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో పడి నలభై ఏళ్ళు దాటింది. మూడో తరగతి తర్వాత బడి మొఖం చూడలేదు. నా చదువంతా నిచ్చెన మీదే జరిగింది. కోచింగ్ సెంటర్ల బోర్డులు రాసీ రాసీ అర్థం తెలియని పరీక్షల పేర్లు కూడా తప్పు లేకుండా రాయడం వచ్చింది. ఇప్పుడవన్నీ ప్లాస్టిక్ గుడ్డల మీద మిషన్లే అచ్చేస్తున్నాయి. ఆ బాధ చెప్పడం మొదలుపెడితే సార్ సంగతి ఉండిపోతుంది.

సార్ కారు మీద ఎర్ర 'ఎల్' రాసేది నేనే. స్టిక్కర్లు వచ్చాక కూడా ఆయన నా చేతే రాయించారు. ఎల్ అక్షరం తేలికనుకుంటారు జనం. ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత. అంత తక్కువ సరుకున్న అక్షరంలోనే తప్పు దాచలేం. సార్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చూసేవారు.

"ఏమయ్యా పెయింటరూ, కాలు వంకరొచ్చిందే! వంకర కాలు ఎల్‌ని చూసి ఎవడు దూరం జరుగుతాడు?"

"వంకరున్నందుకే జరుగుతరు సార్. బోర్డే గిట్లుంటే నడిపేటోడు ఎట్లుంటడో అని."

ఆయన కోస్తా మనిషి. ఇన్నేళ్ళున్నా ఆయన 'అండీ' పోలేదు, నా 'గిట్ల' పోలేదు. ఒకరి మాటను ఒకరం వెక్కిరించుకుంటూనే ముసలివాళ్ళమయ్యాం. నలభై ఎనిమిదేళ్ళప్పుడు నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నాను. నాగోల్ లైసెన్సు టెస్టులో రెండుసార్లు తప్పాను. రెండోసారి ఆయన భుజం తట్టి, "నీకు బ్రష్షే కరెక్టయ్యా, దానికి రివర్స్ గేరు ఉండదు," అన్నారు.

ఆయన విద్యంతా మెడలో ఉండేది. "స్టీరింగ్ చేతిలో ఉంటుంది. డ్రైవింగ్ మెడలో ఉంటుంది," అనేవారు. ఏ సందులోంచి ఏ రోడ్డెక్కినా ఒకటే పాఠం: కుడి, ఎడమ, మళ్ళీ కుడి. మన దగ్గర బండ్లు ముందు కుడి నుంచే మీదికొస్తాయి కాబట్టి, చివరి చూపు కుడివైపే ఉండాలి. మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పితే, మగపిల్లలనైతే చెవి పట్టుకుని తిప్పేవారు. ఆడపిల్లలు పక్కనుంటే తన చెవే పట్టుకుని తిప్పుకునేవారు. నెల తిరిగేసరికి అది శిష్యుడి ఒంట్లో దిగిపోవాలి, వాడు ఆలోచించకూడదు. "ఆలోచించేలోపు లారీ వచ్చేస్తుంది," అనేవారు. రోడ్డు ఖాళీగా ఉంది సార్ అని ఎవరైనా అంటే, "ఖాళీగా ఉందంటే నువ్వు సరిగ్గా చూళ్ళేదని," అనేవారు.

ఇరవై నాలుగేళ్ళ పిల్లగాడొకడు దేవరకొండ దిక్కు నుంచి వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. మంచి చేయి. సార్ ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు గానీ, "వీడి మెడ చూడవయ్యా, గడియారం ముల్లులా తిరుగుతుంది," అని నాతో అన్నారు. వాడు ఒమాన్ పోయాడు, డ్రైవర్ పనికి. పదకొండు నెలలు నడిపాడు. ఒక పెట్రోలు బంకులోంచి పెద్ద రోడ్డు ఎక్కుతుంటే ట్రైలర్ లారీ కొట్టి అక్కడికక్కడే పోయాడు.

నెల తర్వాత వాడి తండ్రి ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ సార్ ఆఫీసుకొచ్చాడు. నేను లోపల గోడ మీద సిగ్నల్ బొమ్మలకు రంగు దిద్దుతున్నాను. ఆయన కొట్లాటకు రాలేదు. కోపమన్నా చేస్తే బాగుండేది. కుర్చీ అంచున కూర్చుని అడిగాడు.

"ఎడమ దిక్కు నుంచి ఒచ్చిందట సార్. మావోడు అటు చూడనే లేదన్నరు, చూసినోళ్ళు. మీరు నేర్పినోడు చూడకుంట ఎట్ల పోతడు సార్? నాకు గదే సమజైతలేదు."

సార్ నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టారు.

ఆ రోజు నుంచి ఆయనలో ఏదో చిక్కుకుంది. నేర్పుతారు, అరుస్తారు, చెవులు తిప్పుతారు. కానీ మలుపు దగ్గర 'మళ్ళీ కుడి' అనే ముందు ఒక క్షణం ఆగేవారు. ఎనిమిది నెలలకు ఒకనాడు బస్ డిపో ఎదురుగా చాయ్ బండి దగ్గర నాతో అన్నారు, "ఆ రోడ్డు ఒకసారి నడిపి రావాలయ్యా."

"ఏ రోడ్డు సార్?"

"వాడు పోయింది."

"మీకు పరేషాన్ తప్ప అక్కడేముంటది సార్? మేడమ్‌ని గూడ తీస్కపోండ్రి, జర తోడుంటది."

"పక్కన ఎవరున్నా నేను వాళ్ళకి నేర్పడం మొదలెడతాను. ఒక్కణ్ణే నడపాలి."

ఇంట్లో విహారయాత్ర అన్నారు. మేడమ్ నా దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, అరవై రెండేళ్ళకి ఈయనకి ఎడారి విహారమేంటండీ, మీరైనా చెప్పండి," అన్నది. నాకు తెలుసు. చెప్పలేదు. ఆమె ఇది చదివితే క్షమించాలి.

జూలైలో బయల్దేరారు. మస్కట్‌లో కారు కిరాయికి తీసుకుని, దక్షిణాన సలాలా దాకా, దగ్గరదగ్గర వెయ్యి కిలోమీటర్లు, ఒక్కరే. తిరిగొచ్చాక ఆ కథలు చాయ్ బండి దగ్గర వారం రోజులు ఆడాయి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ పక్కన. "ముప్పై ఏళ్ళు కూర్చున్న సీటే పెయింటరూ! కాకపోతే ఈసారి దానికి స్టీరింగ్ పెట్టారు." ఇండికేటర్ అనుకుని వేసిందల్లా వైపర్ అయ్యేదట. చినుకు లేని ఎడారిలో, మలుపు మలుపుకీ ఆయన కారు అద్దం తుడుచుకుంటూ పోతుంటే, పక్కబండి అరబ్బు పెద్దాయన అద్దం దించి ఆకాశం వంక చూశాడట. క్లచ్చి లేని కారు. ఎడమ కాలు ఊరుకోక బ్రేకును క్లచ్చి అనుకుని తొక్కితే, వెనకొచ్చేవాడు తిట్టిన తిట్టు భాష రాకున్నా అర్థమైందట. ఒంటికి పోదామని రోడ్డు దింపితే కారు ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎవరో తాడు కట్టి లాగి, ఖర్జూరాలు చేతిలో పెట్టి, పేరైనా చెప్పకుండా పోయారు. చివరన సలాలాలో, అక్కడ అది వానాకాలమట, సన్న తుంపర, పొగమంచు, రోడ్డు పక్కన కొబ్బరి బోండాల బండ్లు, అరటి తోటలు. "ఎడారి దాటి మా ఊరికొచ్చి పడ్డానేమో అనుకున్నానయ్యా," అన్నారు. అందరం నవ్వాం.

నేను బోర్డులు రాసేవాణ్ణి. అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువైతే నాకు ఇట్టే తెలుస్తుంది. ఆయన కథలో ఇసుకకూ కొబ్బరి బోండానికీ మధ్య నాలుగు వందల కిలోమీటర్లు ఖాళీ ఉంది.

"నడుమ ఏముంది సార్?" అని అడిగా, అందరూ పోయాక.

"ఎడారి."

అంతే. మళ్ళా అడగలేదు. దసరా దాటాక, కొత్త ఎల్ రాస్తుంటే, ఆరేదాకా పక్కనే నిలబడి తనంతట తనే చెప్పారు.

"ఆ బంకు దగ్గర ఆగాను. మలయాళీ కుర్రాడు టీ కాచి ఇచ్చాడు. ఎక్కడ జరిగిందో చెయ్యి పెట్టి చూపించాడు. అక్కడ నిలబడి మనసులో వెయ్యిసార్లు చెప్పుకున్నాను, ఇక్కడ బండి ముందు ఎడమ నుంచి వస్తుంది, ఎడమ నుంచి వస్తుంది అని. దానికోసమే కదయ్యా అంత దూరం వెళ్ళింది! కారెక్కాను. రోడ్డు అంచుకొచ్చాను. కుడి చూశాను. ఎడమ చూశాను. ఎక్కడో దూరంగా ఏదో మెరిసింది, ఎండమావి అనుకున్నాను. మళ్ళీ కుడి చూశాను. బ్రేకు మీంచి కాలు తీశాను."

బ్రష్షు నా చేతిలోనే ఉంది.

"హారన్ వినపడి తొక్కాను. ట్రైలర్ ముందు నుంచి పోయింది. కారు ఊగింది. ఆ గాలికి నా చొక్కా ఒంటికంటుకుంది. నా కుడి పక్క సీటు ఖాళీగా ఉంది చూడు, శిష్యులు కూర్చునే పక్క. అటు తిరిగి 'మెడ ఏదిరా' అని అరిచానయ్యా. ఖాళీ సీటు మీద."

"సార్..."

"వాడు చూడకుండా పోలేదు. నేను నేర్పినట్టే చూసి పోయాడు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను, ఈడ సరైనదే నేర్పిండ్రు సార్, ఆడి రోడ్డు మీ చేతుల లేదు గదా అని. ఆయన ఎల్ వంక చూస్తూ, "కాలు సరిగ్గానే వచ్చిందయ్యా ఈసారి," అన్నారు. కొబ్బరి బోండం కొన్నారట గానీ తాగలేకపోయారట. అది కూడా అప్పుడే చెప్పారు.

ఆ ఆదివారం దేవరకొండ బస్సెక్కారు. నన్నూ రమ్మంటే పోయాను. ఆ తండ్రి పత్తి చేనులోంచి వచ్చి, మంచం వాల్చాడు. సార్ కూర్చోలేదు. నిలబడే చెప్పారు, "మీరు అడిగినదానికి జవాబు తెచ్చానండీ. తప్పు మీవాడిది కాదు. నాది," అని. మొత్తం చెప్పారు, చేతులతో కుడీ ఎడమా చూపిస్తూ. పెద్దాయన ఆ చేతులనే చూస్తూ విన్నాడు. క్షమిస్తాడనో, తిడతాడనో నేను కాచుకుని ఉన్నా. రెండూ కాలేదు. తువాలుతో మొఖం తుడుచుకుని అడిగాడు.

"మరి ఇప్పుడొచ్చే పిల్లగాళ్ళకు ఎట్ల నేర్పుతున్నరు సార్?"

తిరుగు బస్సు ఎల్బీ నగర్‌లో దిగేటప్పుడు సార్ నా మోచేయి పట్టుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

మర్నాటి నుంచి పాఠం మారింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు దిక్కులు, రెండేసి సార్లు. ఏ దేశం పోయినా చివరి ముప్పు ఎటు నుంచి వచ్చినా మెడ అటు ఒకసారి ఎక్కువే తిరిగి ఉండాలని. వెనకవాళ్ళు హారన్లు కొడితే కొట్టనీ అన్నారు. బయటి దేశం పోతున్నామని చెప్పిన పిల్లల్ని ఒక గంట ఎడమ సీట్లో కూర్చోబెట్టి, అటునుంచి రోడ్డు ఎలా కనపడుతుందో చూపిస్తూ తను నడిపేవారు. శిష్యులు నవ్వుకునేవారు, సార్‌కు మెడ పిచ్చి ముదిరిందని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అయినా పాత పాఠం నేర్చుకుని ఎటెటో పోయినవాళ్ళు వేలమంది ఉన్నారు కదా. విమానం పైనుంచి పోతుంటే చాయ్ గ్లాసు దించి చూసేవారు. నేను మాట మార్చేవాణ్ణి. అప్పటి నుంచి మొన్నటి దాకా, తొమ్మిదేళ్ళలో నేను ఆయనకు చేసిన సాయం అదొక్కటే.

బుధవారం మధ్యాహ్నం ఎల్బీ నగర్ వెనక కాలనీలో, వాళ్ళింటి ముందు వైకుంఠ రథం ఆగింది. డ్రైవర్ దిగి, అద్దాల పెట్టెలో సార్ మొఖం చూసి, టోపీ తీశాడు. "నాకు నేర్పింది సారే," అన్నాడు. పన్నెండేళ్ళ కిందటట. లెక్క వేసుకున్నా. పాత పాఠం.

వెనక బంధువులు ఎక్కారు. "ముందు ఒక పెద్దమనిషి కూర్చోండి," అన్నాడు డ్రైవర్. నేను ఎక్కాను. ఎడమ సీటు. కాళ్ళ కింద ఏమీ లేదు, రేకు తప్ప.

కాలనీ సందు చివర పెద్ద రోడ్డు. ఎండ దంచుతోంది. ఎవరూ ఆగని చోట వాడు బండి పూర్తిగా ఆపాడు. కుడి చూశాడు, మెడ మొత్తం తిప్పి. ఎడమ చూశాడు. మళ్ళీ కుడి చూశాడు. గేరు మీద చేయి వేశాడు.

"మళ్ళొకసారి ఎడమ చూడు బిడ్డా," అన్నా.

"ఖాళీనే ఉంది పెద్దాయినా."

"చూడు."

చూశాడు. నేనూ చూశాను. అటు నుంచి ఏమీ రావడం లేదు. ఎండలో దూరంగా, రోడ్డు మీద నీళ్ళున్నట్టు ఏదో మెరుస్తోంది.