హఫీజా నూలుపోగు

కరీంనగర్ బైపాస్ పక్కన పాత బండ్ల సామాను దుకాణాలు వరుసగా ఉంటాయి. అందులో మూడోది సర్దార్‌ది. సర్దార్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నడిపేది భార్య హఫీజా. ఆమె పని చూడాలి మీరు! విరిగిన యాక్సిల్ తెస్తే, గేరులో కూర్చునే కొసన ఉన్న పళ్లలో ఒకదానికి సుద్దముక్కతో గీత పెట్టి, అక్కడినుంచి గోరుతో ఒక్కొక్కటే లెక్కపెడుతుంది. అంతటితో వదలదు. పళ్ల చుట్టూ నూలుపోగు చుట్టి మందం కూడా కొలుస్తుంది. అదంతా సర్దార్ నేర్పిందే.

మరిది అవేజ్‌కు ఆ దుకాణం మీద కన్ను. "ఇంకొక్క గిరాకీతోని లొల్లయిందంటే గల్లా కాడ నేనే కూసుంట, భాభీ" అని నలుగురి ముందే అన్నాడు.

మొన్న పత్తి ఏరే రోజుల్లో బోథ్ నుంచి భూమన్న వచ్చాడు. పికప్ బండి వెనక యాక్సిల్ విరిగింది. అవేజే కుప్పలోంచి ఒకటి లాగాడు.

"నీ దానికి ఇరవై ఎనిమిది పళ్లు, దీనికీ ఇరవై ఎనిమిదే. పొడుగు సమానం. తీస్కపో అన్నా."

హఫీజా పోగు చుట్టి చూసింది. "లెక్క కలిసింది గని గిది జర సన్నగుంది. లోపల వదులైతది. లోడు వడంగనే పళ్లు కోస్కపోతయ్. వద్దన్నా."

భూమన్న నవ్వాడు. "జాకెట్‌కు కొలతలు తీస్తున్నవా అమ్మా? జర జరుగు, మొగోళ్లను సూడనియ్యి."

నాలుగో రోజే మళ్లీ వచ్చాడు. లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పళ్లన్నీ చెక్కుకుపోయాయి, లోపలి గేరూ పోయింది. పత్తంతా రోడ్డు మీదే వానకు తడిసింది. యాక్సిల్‌ను హఫీజా కాళ్ల ముందు పడేశాడు.

"ఆడోళ్లు కూసున్న దుకాణంల కొన్న సూడు, నాదే తప్పు!"

"వద్దన్నది నేనే గదనే! ఇచ్చిందెవరో అడుగు."

అవేజ్ ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "భాభీ, గిరాకీతోని లొల్లి వద్దని చెప్పిన్నా, లేదా?"

ఆమె లేచి కుప్ప దగ్గరికి పోయింది. కుప్పంతా వెతికి, పోగుతో కొలిచి, సరైనది తీసింది. భూమన్న దాన్ని అవేజ్ చేతిలో పెట్టి, "నువ్వొకసారి సూడు భాయ్" అన్నాడు. అవేజ్ అటూ ఇటూ తిప్పి, "పక్కా" అన్నాడు.

ఇప్పుడు బోర్డు మీద అవేజ్ పేరుంది. హఫీజా లోపల, పరదా వెనక కూర్చుంటుంది. ఎవరు యాక్సిల్ తెచ్చినా అవేజ్ ఒకసారి దాన్ని లోపలికి తీసుకుపోయి వస్తాడు. ఆయన కొలత తప్పదని బోథ్ దాకా పేరు.

కిందటి వారం ఆమె కొత్త నూలుండ అడిగితే, "ఉన్నదాంతోనే ఎల్లదియ్యి భాభీ" అన్నాడట.