అన్నం మీద అలిగిన కండలు

నేను ఆరు నెలలపాటు అన్నం మెతుకు ముట్టని మనిషిని. ఆ ఆరు నెలల్లో నా ఛాతీ ఎంత పెరిగిందంటే, హార్బర్లో నేను చొక్కా విప్పి నిలబడితే లోపలికొచ్చే ఓడ కాస్త ఆగి, నన్ను తప్పుకొమ్మని హారన్ కొట్టి మరీ వచ్చేది. దసరా పందిట్లో జరిగే కండల పోటీలో మొదటి బహుమతి నాదేనని పాతపట్నం అంతా ముందే తీర్మానించేసింది. అంతటి బహుమతిని కట్టుకున్న భార్య కోసం ఒక్క పూటలో వదిలేసుకున్నాను. వెనకటికి కొందరు రాజ్యాలు వదులుకున్నారట. నేను కండలు వదులుకున్నాను.

ఇందులో ఎంత నిజమో తర్వాత చెబుతాను. ముందు ఉస్తాద్ గురించి చెప్పాలి.

అవి డెబ్భైల చివరి రోజులు. నేను పోర్టులో వించ్ ఆపరేటర్ని. ఓడలోని సరుకును తాడుతో పైకి లేపి గట్టు మీద దించే యంత్రం నా చేతిలో ఉండేది. రోజంతా టన్నుల కొద్దీ బరువులు ఎత్తేవాణ్ని గానీ, ఎత్తేది యంత్రం. నేను మీట మాత్రం లాగేవాణ్ని. అందుకని నా చేతులు సొరకాయ తీగల్లా ఉండేవి. కొత్తగా పెళ్లయింది. చొక్కా విప్పాలంటే దీపం తగ్గించేవాణ్ని.

ఉస్తాద్ పాతపట్నంలో రేకుపెట్టెలు చేసి అమ్మేవాడు. మా పెళ్లికి గులాబీపువ్వు బొమ్మ వేసిన పెట్టె ఒకటి ఆయనే చేసి ఇచ్చాడు. కొట్టు వెనక ఉన్న రేకుల షెడ్డే మా వ్యాయామశాల. పాత ఓడల సామాను అమ్మే చోట ఏరుకొచ్చిన ఇనప చక్రాలు, సిమెంటు పోసి గట్టిపరిచిన డాల్డా డబ్బాలు, దండీలు తియ్యడానికి రెండేసి ఇటుకలు, వేలాడడానికి దూలానికి కట్టిన ఇనప కడ్డీ. పగిలిన బీరువా అద్దం ఒకటి గోడకి ఆనించి ఉండేది. అందులో మనిషి సగమే కనిపించేవాడు. ఏ సగం బాగుంటే ఆ సగం చూసుకునేవాళ్లం.

మొదటిరోజు దండీలు, బస్కీలు తీయించి, డబ్బాలు ఎత్తించి ఇంటికి పంపాడు. మర్నాడు తల దువ్వుకుందామంటే చెయ్యి భుజం దాటి లేవలేదు. మా ఆవిడే దువ్వింది. ఆవిడ నా మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ నన్ను 'బావా' అనే పిలుస్తుంది. తిట్టేటప్పుడూ అదే పిలుపు.

ఇలా సాగుతుండగా ఓడ నుంచి ఒక నావికుడు నాకో పుస్తకం ఇచ్చాడు, నాలుగు అరటిపళ్లకి బదులుగా. దాని నిండా కండల మనుషుల బొమ్మలు. అట్ట మీదివాడు ఒళ్లంతా నూనె రాసుకుని కన్నం వెయ్యడానికి బయల్దేరిన దొంగలా ఉన్నాడు. ఉస్తాద్ ఆ బొమ్మని వెలుగులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"అరే మియా, ఈడి పొట్ట సూడు. బట్టలుతికే బండ లాగ గాట్లున్నాయి. ఏం తింటన్నాడో సదువు."

నా ఇంగ్లీషు స్కూలు ఫైనల్ దాటలేదు. మాంసం అర్థమైంది, గుడ్లు అర్థమయ్యాయి, వెన్న కూడా. పేజీ పేజీకీ ఒక మాట తగులుతోంది: స్టార్చ్ వద్దు, స్టార్చ్ వద్దు.

"స్టార్చ్ అంటే గంజే కదా," అన్నాడు ఉస్తాద్. "లాండ్రీలో సొక్కాకి పెట్టేది."

మాకు తెలిసిన స్టార్చ్ అదొక్కటే. గంజి పెట్టిన గుడ్డ కండకి ఊపిరాడనివ్వదేమోనని ఇద్దరం బాగా ఆలోచించి, ఆ వారం మెత్తటి నలిగిన చొక్కాలతో తిరిగాం. తేడా ఏమీ కనబడలేదు. ఆఖరికి పోర్టు ఆఫీసులో ఒక గుమాస్తాని అడిగితే, నా అమాయకత్వానికి జాలిపడి, "గంజి ఎక్కణ్నుంచి వస్తుందయ్యా? బియ్యంలోంచి. అన్నం తినొద్దంటున్నాడు," అని చెప్పాడు.

నాకు భయం కన్నా ముందు కుతూహలం కలిగింది. పుట్టి బుద్ధెరిగాక అన్నం లేని పూట ఒకటైనా ఉందా? మానేస్తే ఏమవుతుంది? కళ్లు తిరుగుతాయా? కాళ్లు తేలిపోతాయా? ఒంట్లో ఇన్నాళ్లూ అన్నం ఉన్నచోట ఏం వచ్చి కూర్చుంటుంది?

ఆ రాత్రే కంచంలో అన్నం పక్కకి నెట్టి, కానాగంత చేపల పులుసు ఒక్కటీ గిన్నెతో తాగాను. పులుసు అన్నం కోసం పుట్టిన పదార్థమని అప్పుడే తెలిసింది. అన్నం అడ్డు లేకపోతే ఉప్పూ పులుపూ కారం ముగ్గురూ ఒక్కసారే నాలుక మీద పడి కొట్టుకుంటారు. మా ఆవిడ నా వంక చూసింది.

"ఏటి బావా, అన్నం పలుకైపోనాదా?"

"లేదు. అన్నంలో స్టార్చ్ ఉందట."

"స్టార్చ్ సొక్కాకెడతారు. అన్నంలో నానెందుకెడతాను?"

మర్నాడూ అంతే. ఉడకబెట్టిన గుడ్లు, వేపిన చేపలు, పాలు. కడుపు నిండేది. విచిత్రమేమిటంటే, చెయ్యి కడుక్కున్నాక కూడా ఇంకా భోంచెయ్యలేదనే అనిపించేది. ఏదో చెయ్యాల్సిన పని మరిచిపోయినట్టు వేళ్లు ఊరికే కదిలేవి. ఆకలి ఉండేది కడుపులోనా, అన్నం కలిపే వేళ్లలోనా అని ఉస్తాద్‌ని అడిగాను. ఆయన కూడా నాతోపాటే అన్నం మానేశాడు. తన వేళ్లు తనే చూసుకుని, "నాకైతే ముక్కులో ఉంది," అన్నాడు. పక్కింట్లో అన్నం ఉడికితే వాసనకి రేకు మీద సుత్తి దెబ్బ తప్పిపోతోందట.

అలా ఎన్నాళ్లో సాగేది కాదు. దారి చూపించింది మా అమ్మ. అంటే, అప్పటికి ఆవిడ లేదు. ఆవిడ శనివారాలు గుర్తొచ్చాయి. శనివారం రాత్రి మా అమ్మ ఉపవాసం. అన్నం ముట్టేది కాదు. ఇడ్లీలు తినేది, ఉప్మా తినేది, ఒక్కోసారి అట్లు కూడా. అయినా ఊరంతా ఆవిడది కఠిన ఉపవాసమనే ఒప్పుకునేది. ఎందుకంటే అది అన్నం కాదు, టిఫిన్. దేవుడికే లేని అభ్యంతరం కండలకి ఎందుకుంటుంది?

ఉస్తాద్ ఈ తర్కాన్ని అన్ని వైపులా తిప్పి చూసి మెచ్చుకున్నాడు. "ఖానా ఖానాయే, టిఫిన్ టిఫినే," అని తీర్పిచ్చాడు. ఆరోజు నుంచి డ్యూటీ దిగగానే హార్బరు గేటు ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం కూర్చుని ఇడ్లీలు, ఆ మీద పెసరట్లు, పెసరట్టులో ఉప్మా తినేవాళ్లం. నా దండచేతిని కొలవడానికి ఉస్తాద్ ఒక పురికొస దాచాడు. పెరిగినప్పుడల్లా దానికో ముడి. దండ ముడి కాస్త జరిగింది, నిజమే. కానీ నడుము పురికొస అంతకన్నా హుషారుగా జరిగింది. కండ ముందు పొట్టలో తయారై తర్వాత చేతుల్లోకి వెళుతుందేమోనని ఇద్దరం ఆశగా ఎదురుచూశాం.

ఇంట్లో మాత్రం సంగతి వేరుగా ఉంది. మగవాడు అన్నం మానేశాడంటే ఆ రోజుల్లో మా వాళ్లకి రెండే కారణాలు తెలుసు: జ్వరం, లేకపోతే అలక. నాకు జ్వరం లేదు. కుళాయి దగ్గర పక్కింటి పిన్ని మా ఆవిణ్ని అడిగేసింది: "ఏటే, మీ ఆయన అన్నం మీద అలిగినాడంట? ఏటి తక్కువ సేసినావే?"

దాన్నైనా ఆవిడ ఓర్చుకునేదేమో. కానీ ఇంకొకరెవరో వచ్చి, నేను హోటల్లో కూర్చుని అట్టు మీద అట్టు లాగిస్తున్నానని చెప్పారు. ఇంట్లో అన్నం వద్దనేవాడు, హోటల్లో తింటున్నాడు. ఇంక ఆవిడకి మిగిలిన అర్థం ఒక్కటే. నేను వద్దంటున్నది అన్నాన్ని కాదు, వండిన మనిషిని.

పైగా మా మావయ్యది తగరపువలసలో బియ్యం కొట్టు. మేం తినే బియ్యం ఆయనే బస్సు మీద వేసి పంపేవాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఉస్తాద్ ఇచ్చిన గులాబీపువ్వు పెట్టెలో చీరలు సర్దుతోంది. ఏడుపు లేదు, కేకలు లేవు.

"మా నాన్నకి కబురెట్టినాను. రేపొత్తాడు. ఆయన ముందర నా సేతి అన్నం తింటే ఉంటాను. తినకపోతే ఆయనతో ఎల్లిపోతాను. నీకు ఒండిపెట్టడానికి హోటలుంది గదా."

"అదేమిటి, ఇది డైటు..."

"ఏదోటి. రేపు సూద్దాం."

మర్నాడు పొద్దున్నే ఉస్తాద్ దగ్గరికి వెళ్లి సలహా అడిగాను. ఆయనకి సంసారాల సంగతి తెలియదు; తెలిసింది కసరత్తు ఒక్కటే. "మనసు బాలేనప్పుడు కడ్డీకి వేలాడాల," అని దూలం కడ్డీకి వేలాడదీశాడు. గడ్డం కడ్డీకి ఆనేదాకా లేవడం, దిగడం. చెయ్యగలిగినంత చేశాను, ఆ తర్వాత కూడా చేశాను. తర్వాత ఇంటికి నడిచాను.

మావయ్య అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, పక్కన ఇంకో బియ్యం సంచీతో. గుమ్మం దగ్గర పెట్టె.

"ఏరా, నా బియ్యంలో రాళ్లున్నాయేటి?"

"లేవు మావయ్యా."

"పోనీ, మా గుంటకి ఒండడం సేతకాదేటి?"

"బ్రహ్మాండంగా వండుతుంది."

"మరేటి రోగం నీకు?"

"స్టార్చ్ మావయ్యా."

ఆయన మొహం మారిపోయింది. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఎక్కడొచ్చింది? డాకటేరుకి సూపించినావా?"

అది రోగం కాదని, అన్నంలో ఉండే పదార్థమని చెప్పాను. ఆయన బియ్యం సంచీ మూతి విప్పి, గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఆ పురుగు తన కంట పడలేదన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "సంతలో నవ్వుతన్నార్రా. సొంత అల్లుడే తినని బియ్యం మాకెందుకమ్ముతావని అడుగుతన్నారు," అన్నాడు. ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

మా ఆవిడ లోపల్నుంచి పిలిచింది. రెండు కంచాలు పెట్టింది. ఆవిరి పొగలు పోతున్న అన్నం, చేపల పులుసు. నా కంచం ముందు కూర్చున్నాను. ఒకవైపు దసరా పోటీ, ఇంకోవైపు గుమ్మం దగ్గర పెట్టె. ఒక్క క్షణం నా దండని చూసుకుని మనసులోనే దానికి సెలవు చెప్పాను. తర్వాత రాజులా చెయ్యి చాచి, వేడన్నంలో పులుసు పోసి కలిపి, ముద్ద చేసి, మావయ్య చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. అన్నం తగిలాక పులుసులోని ఆ ముగ్గురూ కొట్లాట మానేసి సర్దుకుని కూర్చున్నారు. మొదటి ముద్దకే నాకు భోంచేశాననిపించింది. మూడోసారి వడ్డించేటప్పటికి మా ఆవిడ లేచి వెళ్లి పెట్టెను మంచం కిందకి తోసేసింది.

ఇదీ నా త్యాగం. ఇక మాటిచ్చినట్టు నిజం కూడా చెబుతాను. ఆరు నెలలు కాదు. శ్రావణంలో మొదలై వినాయక చవితి ముందే ముగిసింది. ఓడ ఆగింది నా ఛాతీ చూసి కాదు, ఓడకి దారి చూపే పైలట్ పడవ రావడం ఆలస్యమై. దసరా పోటీకి నేను పేరే ఇవ్వలేదు. ఇచ్చి ఉన్నా మా పోర్టు కళాసీల పక్కన నిలబడలేను; బస్తాలు మోసి తలుపు రెక్కల్లా తయారైన ఆ మనుషులు రెండు పూటలా అన్నమే తినేవారు. ఇడ్లీలో ఉన్నది బియ్యమేనని తర్వాత మా ఆవిడే చెప్పింది. రవ్వ ఎక్కడ పండుతుందనుకున్నావని అడిగింది. ఉస్తాద్‌కి ఈ సంగతి చెబితే, కాసేపు బాధపడి, "పోనీ, పెసరట్టులో ఎంతుంటదంటావ్?" అన్నాడు.

అన్నీ ఒప్పేసుకున్నాను కదా, మనసు తేలికైంది. రాసినదంతా నిన్న మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. రాజులా చెయ్యి చాచాను అన్నచోట చేతిలో కాయ ఆగింది గానీ, మళ్లీ ఈనె లాగింది. నేను కాగితాలు మడిచాక తలెత్తింది.

"నువ్వెక్కడ తిన్నావు బావా? కడ్డీకేలాడొచ్చి రెండు సేతులూ కర్రల్లాగ బిగుసుకుపోనాయి, కంచం దాకా ఒంగితే మళ్లీ పైకి లెగలేదు. పులుసు కలిపిందీ నానే, ముద్దలెట్టిందీ నానే. మా నాన్న ముందర నాకు సిగ్గుతో సచ్చినంత పనైంది. నవ్వాపుకోలేక ఆయన సగం కంచంలోనే లేచిపోనాడు. ఆరోజు నీ సెయ్యి లెగిసుంటే నువ్వు తినుందువో లేదో ఆ దేవుడికే తెలియాల. త్యాగమంట త్యాగం."